రూట్ గుర్తు ఎక్కడుంది మేడమ్?



ముందుగా ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. ఎయిత్ క్లాస్ పిల్లల తల్లిదండ్రుల్లో కొందరికి ఈ సంగతి గుర్తుండే ఉంటుంది.

ఈ వానాకాలం ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రోజుల్లో మనకి సెలవులు ఇచ్చారు. వైనతేయ పొంగింది, అప్పనపల్లి కాజ్‌వే మీద నీళ్ళు పారాయి, లంకల్లోంచి వచ్చే పిల్లలకి పడవ తప్ప దారి లేదు. మేముండేది అప్పనపల్లిలోనే కాబట్టి నేనూ ఇంట్లోనే చిక్కుకుపోయాను. పిల్లలు ఖాళీగా ఉంటారు కదా అని ఘాతాంకాల చాప్టర్ మీద పది లెక్కలు తయారుచేసి క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. లెక్కలు ముందు కంప్యూటర్‌లో వర్డ్‌లో టైప్ చేసుకున్నాను. అక్కడ శుభ్రంగానే ఉన్నాయి. కాపీ చేసి గ్రూపులో పేస్ట్ చేశాను, చూసుకోలేదు.

మూడో లెక్క 2⁵ × 2³. జవాబు 2⁸, అంటే 256. మర్నాటికి ముప్ఫైమంది పైగా పంపిన జవాబు మాత్రం 575. నాకు కోపం వచ్చింది. క్లాసులో వారం రోజులు చెప్పిన పాఠం ఒక్కరికీ ఎక్కలేదా అనుకుని, గ్రూపులో కాస్త గట్టిగానే వాయిస్ మెసేజ్ పెట్టాను. కొందరు అమ్మలు "సారీ మేడమ్, చదివిస్తాం" అని కూడా రాశారు. సాయంత్రం ఒక అమ్మాయి విడిగా మెసేజ్ పెట్టింది: 25 ఇంటూ 23 లెక్కని పవర్స్ చాప్టర్‌లో ఎందుకు ఇచ్చారు మేడమ్ అని.

అప్పుడు చూశాను. 2⁵ కాస్తా 25 అయింది. 2³ కాస్తా 23 అయింది. ఇరవై అయిదు ఇరవైమూళ్ళు అయిదువందల డెబ్భై అయిదు. పిల్లలు వేసింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. లెక్క తప్పు ఇచ్చింది నేను. గ్రూపులో సారీ చెప్పాను కానీ, ఆ అమ్మలకి విడివిడిగా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఈ వ్యాసం ఇంగ్లీషు పేజీకి రాయొచ్చు, నేను బోధించేది ఇంగ్లీషు మీడియంలోనే. కానీ రాత్రి పూట పిల్లాడి పక్కన కూర్చుని ఫోను పట్టుకునేది మీరు. అందుకే తెలుగు పేజీ అడిగి తీసుకున్నాను.

అసలు జరిగింది ఏమిటంటే, వర్డ్‌లో నేను అయిదుని పైకెక్కించింది కంట్రోల్, షిఫ్ట్, ప్లస్ మీటలు కలిపి నొక్కి. అలా చేస్తే అయిదు చిన్నదై పైకి వెళ్ళినట్టు కనబడుతుంది. కానీ కంప్యూటర్ లోపల అది మామూలు అయిదే. దానికి వేసిన వేషం మాత్రం వేరు. వాట్సాప్‌లోకి రాగానే వేషం ఊడిపోయి అయిదు రెండు పక్కన వచ్చి నిలబడింది. అలా కాకుండా, పుట్టుకతోనే చిన్నదైన అయిదు ఒకటి వేరే ఉంది: ⁵. అది వేరే అక్షరం. 'క'కి 'ఖ'కి ఎంత తేడానో 5కి ⁵కి అంత తేడా. ఈ రెండో రకాన్ని ఎక్కడికి పంపినా అలాగే వెళ్తుంది. బీఈడీలో మాకు ఈ విషయం ఎవరూ చెప్పలేదు. లెసన్ ప్లాన్లు చేత్తో రాసి, బొమ్మలు స్కెచ్ పెన్నులతో వేసి పాసైపోయాం.

కీబోర్డు మీద ఇవన్నీ ఎందుకు లేవని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కంప్యూటర్ కీబోర్డు 1870లలో వచ్చిన టైపురైటర్ వారసురాలు. టైపురైటర్ పుట్టింది ఉత్తరాలకీ ఆఫీసు కాగితాలకీ, లెక్కల మాస్టార్ల కోసం కాదు. చిత్రమేమిటంటే గుర్తులు దానికన్నా చాలా పాతవి. రూట్ గుర్తు 1525లో జర్మన్ గణితజ్ఞుడు రూడాల్ఫ్ పుస్తకంలో అచ్చయింది. సమానం గుర్తుని 1557లో రాబర్ట్ రికార్డ్ అనే ఆయన ప్రవేశపెట్టాడు. ఘాతాన్ని చిన్న అంకెగా పైన రాయడం డెకార్ట్ 1637 పుస్తకంతో స్థిరపడింది. π గుర్తుని ఇప్పటి అర్థంలో మొదట వాడింది విలియం జోన్స్, 1706లో. మీటలు తయారుచేసేనాటికి ఇవన్నీ ఉన్నాయి. ఉన్నా వీటిలో సమానం గుర్తుకి తప్ప మరి దేనికీ మీద చోటు దొరకలేదు.

చోటు దొరకడానికి ఎవరో ఒకరు పట్టుబట్టాలి. రూపాయి గుర్తే చూడండి. ₹ని కేంద్ర ప్రభుత్వం ఆమోదించింది 2010 జూలైలో. అదే ఏడాది అక్టోబరులో యూనికోడ్‌లో, అంటే ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ అక్షరాలకి నెంబర్లు ఇచ్చుకునే పట్టికలో, దానికి చోటు దొరికింది. ఇవాళ మీ ఇంట్లో కొత్తగా కొన్న ల్యాప్‌టాప్ మీద 4 మీట మీదే ₹ అచ్చువేసి ఉండొచ్చు. అంతకుముందు కొబ్బరి కొట్లో బిల్లు కొట్టే కుర్రాడు 'రూ' పక్కన చుక్క పెట్టేవాడు. అవసరం గట్టిదైతే మీట వస్తుంది. రూట్ గుర్తు కోసం ఏ ప్రభుత్వమూ తీర్మానం చేయదు కాబట్టి మనం వెతుక్కోవాలి.

లెక్కలు టైప్ చేయడమంటే పెద్దవాళ్ళకీ తలనొప్పే. డొనాల్డ్ నూత్ అనే అమెరికా ప్రొఫెసర్ 1977లో తన పుస్తకం రెండో ముద్రణ ప్రూఫులు చూసి, లెక్కలు అచ్చులో ఇంత వికారంగా వస్తాయా అని బాధపడి, అచ్చుకూర్పు కోసం సొంతంగా టెక్ అనే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టాడు. ప్రపంచంలో గణిత పరిశోధన పత్రాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ దాని కుటుంబంలోని పనిముట్లతోనే తయారవుతాయి. మన పిల్లలకి అంత అక్కర్లేదు. పది పన్నెండు గుర్తులు చాలు.

"ఇంత గొడవెందుకు మేడమ్, నోట్‌బుక్‌లో రాసి ఫోటో తీసి పంపితే సరిపోతుంది కదా?" మొన్నటి మీటింగులో ఒక నాన్నగారు ఈ మాట అన్నారు. చాలావరకు ఆయన మాటే నిజం. పదిహేను స్టెప్పుల లెక్కని టైప్ చేయమని నేను ఏ పిల్లాడినీ అడగను. చేత్తో రాయడం మానిపించాలని కూడా నా ఉద్దేశం కాదు. మార్కుల కోసమే అయితే ఈ విద్యతో పని లేదు, అది కూడా నేనే చెప్పేస్తాను. టెన్త్ పబ్లిక్ పరీక్ష చేత్తో రాసేదే. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్ ఎంట్రన్స్ 2017 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది, కానీ అక్కడ ఆప్షన్ నొక్కడమే. జేఈఈ మెయిన్‌లో కొన్ని ప్రశ్నలకి జవాబుని అంకెల్లో ఇవ్వాలి, దానికి స్క్రీన్ మీదే చిన్న కీప్యాడ్ వస్తుంది, అందులో అంకెలు, దశాంశ బిందువు, మైనస్ ఉంటాయి. రూట్ గుర్తు కొట్టమని ఎవరూ అడగరు.

అయినా ఈ విషయం మీద ఇంత రాస్తున్నానంటే ఒక అమ్మ వల్ల.

ఆవిడ కువైట్‌లో పనిచేస్తారు. మన కోనసీమలో ఇలాంటి ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. బాబు మన దగ్గర సెవెన్త్ క్లాస్, అమ్మమ్మ దగ్గర ఉంటాడు. అక్కడ పని ముగిసేసరికి రాత్రి ఎనిమిదిన్నర, మనకి పదకొండు. ఆ వేళప్పుడు వీడియో కాల్ మాట్లాడే వీలు అన్ని రోజులూ ఉండదు, కాబట్టి మెసేజీల్లో లెక్కలు చెబుతారు. ఆవిడ డిగ్రీ చదివినావిడ, లెక్కలంటే ఇష్టం. పేరు రాయను. అడిగి ఆవిడ సరే అన్నాకే ఇది రాస్తున్నాను.

లెక్క మీరూ చదివే ఉంటారు, చాలా పుస్తకాల్లో ఉంటుంది. ఒక చెట్టు నేల నుంచి 5 మీటర్ల ఎత్తులో విరిగి, కొన మొదలుకి 12 మీటర్ల దూరంలో నేలకి తగిలింది. విరగకముందు చెట్టు ఎత్తెంత? మన పిల్లలకి కొబ్బరిచెట్టు అని చెబితే వెంటనే బొమ్మ కళ్ళకి కడుతుంది, తుఫాను తర్వాత చూసే దృశ్యమే. విరిగిన ముక్క పొడవు పైథాగరస్ సిద్ధాంతంతో వస్తుంది. 5² అంటే 25, 12² అంటే 144, రెండూ కలిపితే 169, దాని వర్గమూలం 13. నిలబడి ఉన్న 5 కూడా కలిపితే 18 మీటర్లు.

అమ్మ మెసేజ్‌లో రాసింది: రూట్ 25+144 +5. ఆవిడ మనసులో రూట్ గీత 144 దాకా ఉంది. బాబు చదివింది వేరు. రూట్ 25 అంటే 5, దానికి 144 కలిపాడు, ఇంకో 5 కలిపాడు. 154 మీటర్లు. నోట్‌బుక్‌లో అదే రాసి తెచ్చాడు. నేను ఎర్ర ఇంకుతో కొట్టేసి, నూట యాభై నాలుగు మీటర్ల కొబ్బరిచెట్టు మీ ఊళ్ళో ఎక్కడుందిరా, దింపు తీయడానికి హెలికాప్టర్ కావాలి అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ రాత్రి వాడు అమ్మకి మెసేజ్ పెట్టాడట: "నువ్వు తప్పు చెప్పావు. ఇంక నువ్వు చెప్పొద్దు."

తర్వాత ఆవిడే నాకు ఫోన్ చేసి, లెక్క ఎక్కడ తప్పిందో చెప్పమని అడిగారు. నేను ఆ మెసేజ్ చూపించమన్నాను. చూశాక తెలిసింది, లెక్క ఎక్కడా తప్పలేదు. రెండు బ్రాకెట్లు లేవంతే. √(25+144) + 5 అని ఉంటే ఆ బాబు ఎప్పటికీ 154 వేయడు.

నేను నవ్వించకుండా ఉండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది. అది వేరే సంగతి.

కాగితం మీద ఈ ఇబ్బంది రాదు. రూట్ గుర్తు పైన గీత ఎంత పొడవు గీస్తే అంతవరకూ రూట్ కిందకి వస్తుంది, చెయ్యి దానంతటదే గీసేస్తుంది. మనం ఆలోచించం. టైప్ చేసేటప్పుడు గీత ఉండదు, కాబట్టి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో బ్రాకెట్లు పెట్టి చెప్పాలి. అంటే, చెప్పాలంటే ముందు తెలిసి ఉండాలి. నాకు దీనిలో నచ్చినది ఇదే. రూట్ కింద ఏముందో సరిగ్గా తెలియని పిల్లాడు కాగితం మీద గీతని అటూఇటూ కాకుండా గీసి నెట్టుకొస్తాడు, నేనూ అనుమానపడుతూనే మార్కు వేసేస్తాను. టైప్ చేయమంటే దాక్కోవడానికి చోటు ఉండదు. భిన్నాల దగ్గరా ఇంతే. 1/2ఎక్స్ అని రాస్తే అది అర ఎక్సా, రెండు ఎక్స్‌లతో భాగించిన ఒకటా? రాసినవాడు కూడా అడిగితే తడుముకుంటాడు. నైన్త్ క్లాస్ సైన్సులో 10⁻³ని 10-3 అని రాస్తే అది పదిలోంచి మూడు తీసేసిన ఏడు. మిల్లీ అని నేర్పిన పాఠం ఏడుగా మారింది.

చూపు సరిగా లేని పిల్లల సంగతి కూడా చెప్పాలి. అలాంటి పిల్లలు ఫోను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడతారు. మనం పంపే వంకర ఫోటో దానికి ఒక బొమ్మ, లోపల లెక్క ఉందని దానికి తెలియడం కష్టం. గుర్తులతో టైప్ చేసిన లెక్కనైతే చదవగలదు. అటువంటి పిల్లలు క్లాసులో ఒక్కరే ఉన్నా గ్రూపు అలవాటు మార్చుకోవడానికి ఆ ఒక్కరు చాలు అని నా అభిప్రాయం.

ఇంకా నా తప్పు ఒకటి మిగిలింది, అది కూడా రాసేస్తాను. పోయిన సంవత్సరం ఆన్‌లైన్ ఫారంలో ఒక చిన్న టెస్టు పెట్టాను. ఒక ప్రశ్నకి జవాబుగా 1/2 అని ముందే ఫీడ్ చేశాను. కొందరు 0.5 అని కొట్టారు, ఒకడు కష్టపడి ½ అనే గుర్తుని వెతికి మరీ పెట్టాడు. మెషిన్ అందరికీ సున్నా వేసింది. ½ పెట్టినవాడు ఆ రోజు నా దగ్గరికొచ్చి ఏమీ అనలేదు, ఊరికే ఫోను చూపించి నిలబడ్డాడు. మార్కులు సరిచేశాను. అప్పటినుంచి ఫారంలో ఏ రూపంలో జవాబు కొట్టాలో ప్రశ్న కిందే రాస్తున్నాను.

ఇక మీకు పనికొచ్చే సంగతికి వస్తాను. దీనికి ఏ యాప్ కొనక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండే జీబోర్డ్ కీబోర్డులో, అక్షరాల నుంచి అంకెల పేజీకి వెళ్ళండి. అక్కడ ఎడమవైపు ఇంకో పేజీకి తీసుకెళ్ళే మీట ఉంటుంది. అది నొక్కితే పై వరసలోనే √, π, ÷, × కనబడతాయి. రోజూ చేతిలో ఉండే ఫోనులోనే ఇవి ఉన్నాయని చూపిస్తే స్టాఫ్ రూములో మా వాళ్ళు కూడా ఆశ్చర్యపోయారు. మళ్ళీ అంకెల పేజీకి వచ్చి 2ని ఒక్కసారి తట్టకుండా నొక్కి పట్టుకోండి. పైన చిన్న డబ్బా తెరుచుకుని ² వస్తుంది. 5ని పట్టుకుంటే ⁵. ఒకటిని పట్టుకుంటే ½, ¼ లాంటి భిన్నాలు. సమానం గుర్తుని పట్టుకుంటే ≠, ప్లస్‌ని పట్టుకుంటే ±. వేలు తీయకుండా కావలసిన దాని మీదకి జరిపి వదిలితే సరి. మిగతా అంకెల్ని కూడా పట్టుకుని చూడమని పిల్లలకే చెప్పండి, మీకన్నా నాకన్నా ముందు కనిపెట్టేస్తారు.

ఇంట్లో విండోస్ కంప్యూటర్ ఉంటే, కుడిపక్క విడిగా అంకెల మీటలున్న కీబోర్డు అయితే, ఆల్ట్ మీట నొక్కి పట్టుకుని ఆ కుడిపక్క మీటల మీద 251 కొట్టి ఆల్ట్ వదలండి, √ వస్తుంది. 227 కొడితే π, 253 కొడితే ², 246 కొడితే ÷. గుణకారం గుర్తుకి 0215, ముందున్న సున్నా మర్చిపోకూడదు. నమ్ లాక్ వెలగాలి, లేకపోతే ఏమీ రాదు, మెషిన్ పాడైందని రిపేర్ షాపుకి తీసుకెళ్ళకండి. చిన్న ల్యాప్‌టాప్‌లకి ఆ కుడిపక్క మీటలు ఉండవు. అప్పుడు వర్డ్‌లో 2075 అని కొట్టి వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే ఆ నెంబరే ⁵గా మారుతుంది. నేను ఆ వరద రోజున చేయాల్సింది ఇదే. పెద్ద లెక్కలకి వర్డ్‌లోనే ఆల్ట్, సమానం కలిపి నొక్కితే లెక్క రాసుకునే పెట్టె తెరుచుకుంటుంది, అందులో గీత పొడవుతో సహా రూట్ వస్తుంది. టీచర్లు ప్రశ్నాపత్రాలకి వాడాల్సింది అది.

ఇవేవీ గుర్తులేకపోతే షిఫ్ట్ పట్టుకుని 6 నొక్కండి. ^ అనే టోపీ గుర్తు వస్తుంది. 2^5 అంటే రెండు మీద అయిదు అని లెక్కల్లో అందరూ అర్థం చేసుకుంటారు, ఎక్సెల్‌కి కూడా అది తెలుసు. రూట్‌ని తెలుగులోనే 'రూట్' అని రాసినా నాకు అభ్యంతరం లేదు, పక్కన బ్రాకెట్లు ఉంటే చాలు. గుర్తు అందంగా ఉండటం రెండో విషయం. బ్రాకెట్ మొదటి విషయం. గుణకారానికి నక్షత్రం గుర్తు కొట్టే అలవాటున్న వాళ్ళకి మాత్రం ఒక మాట: మాటకి రెండు పక్కలా నక్షత్రం ఉంటే వాట్సాప్ దాన్ని బోల్డ్ చేయమన్నారేమో అనుకుంటుంది, ఒక్కోసారి గుర్తుల్ని మింగేస్తుంది. × వాడటమే క్షేమం.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తాను. గుర్తుల్లేకుండా లెక్కలు ఉండవా అంటే, మన గోదావరి తీరంలోనే ఉన్నాయి. పావులూరి మల్లన మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చాడు, దాన్ని సారసంగ్రహ గణితం అంటారు. అదంతా పద్యాల్లో ఉంటుంది. అంకెలు, వర్గమూలాలు, భిన్నాలు అన్నీ మాటల్లోనే. అంటే మాటల్లో కూడా రెండర్థాలు రాకుండా లెక్క చెప్పొచ్చు, చెప్పేవాడు జాగ్రత్తపడితే.

గుర్తులు కూడా మనకి ఉండేవి. వీసమెత్తు అనే మాట మీరు వాడుతూనే ఉంటారు. వీసం అంటే పదహారో వంతు. మన పాత లెక్కల పద్ధతిలో భిన్నాలు నాలుగు చొప్పున చీలేవి: ఒకటిలో నాలుగోవంతు పాతిక, పాతికలో నాలుగోవంతు వీసం, ఆ వీసంలో మళ్ళీ నాలుగోవంతు అరవైనాలుగోవంతు. వీటిని నిలువు గీతలు, అడ్డ గీతలతో రాసేవారు. పాతికకి ఒక నిలువు గీత, ముప్పాతికకి మూడు నిలువు గీతలు, వీసానికి ఒక అడ్డ గీత. ఒక మెట్టు నిలువు, తర్వాతి మెట్టు అడ్డం, ఆ తర్వాత మళ్ళీ నిలువు. చూడగానే ఏ మెట్టు మీద ఉన్నామో తెలిసిపోయే ఏర్పాటు. ఈ గీతలన్నిటికీ, ధాన్యం కొలిచే తూము గుర్తుతో సహా, 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో చోటు దొరికింది. నిలువు గీత ఇదిగో: ౹. అడ్డ గీత: ౼. తూము: ౿. మీ ఫోనులో వీటి స్థానంలో డబ్బా కనబడితే మీ తప్పు కాదు, ఆ అక్షరాల బొమ్మలు ఫోనులో లేవన్నమాట.

నేను ఎయిత్ క్లాసులో ఘాతాంకాలు చెప్పేటప్పుడు ఇప్పుడు ఇదే చెబుతున్నాను. (1/4)² అంటే పాతికలో పాతిక, అంటే వీసం. పిల్లలకి వీసం అనే మాట తెలియదు, మీకు తెలుసు, మీ అమ్మానాన్నలకి ఇంకా బాగా తెలుసు. ఒకమ్మాయి ఇంటికెళ్ళి వాళ్ళ తాతగారిని అడిగితే, ఆయన కుంచాలు, తూములు, పుట్లు అన్నీ ఏకరువు పెట్టారట. తూముకి నాలుగు కుంచాలు, కుంచానికి నాలుగు మానికలు. మర్నాడు ఆ అమ్మాయి క్లాసులో, "మేడమ్, అంటే మానిక తూములో వీసం" అంది. నిజమే. నేను ఎప్పుడూ అలా ఆలోచించలేదు.

సరే, నేను అడిగేది ఏమిటో చెప్పి ముగిస్తాను. మేనేజ్‌మెంట్ వారిని అడిగేది ఒక్కటి. కంప్యూటర్ పీరియడ్‌లో పిల్లలు పేరాలు టైప్ చేస్తారు, స్లైడ్లు చేస్తారు, పూలు ఎగిరొచ్చే ఎఫెక్టులు పెడతారు. అందులో సిక్స్త్ నుంచి టెన్త్ దాకా నెలకి ఒక్క పీరియడ్ లెక్కలు టైప్ చేయడానికి ఇవ్వండి. కంప్యూటర్ టీచరూ లెక్కల టీచరూ ఇద్దరం ఉంటాం. స్మార్ట్ బోర్డుల ఫోటోలు బ్రోషర్‌లో వేసుకుంటున్న మనం, బోర్డు మీద రూట్ గుర్తు తెలియక 'ఎస్‌క్యూఆర్‌టీ' అని కొట్టిన రోజులు ఉన్నాయి. ఈ వాక్యం ఎడిటర్ గారు ఉంచుతారనే నమ్మకంతోనే రాశాను.

మిమ్మల్ని అడిగేది అంతకన్నా తక్కువ. గ్రూపులో లెక్క వచ్చినప్పుడు వింతగా కనబడితే, 25 × 23 లాంటిది ఘాతాంకాల చాప్టర్‌లో కనబడితే, "మేడమ్, ఇది సరిగ్గా వచ్చిందా?" అని ఒక్క మెసేజ్ పెట్టండి. మొహమాటపడకండి, టీచర్‌ని ప్రశ్నించినట్టు కాదు. ఆ ఎయిత్ క్లాస్ అమ్మాయి అడగకపోతే ముప్ఫైమంది పిల్లలకి ఆ వారం సున్నా పడేది. మీరు దూరంలో ఉండి పిల్లలకి లెక్క చెబుతుంటే, పంపేముందు దాన్ని ఒకసారి బయటకి చదువుకోండి, ఎక్కడ ఆగుతారో అక్కడ బ్రాకెట్ పెట్టండి. పిల్లాడు ఫోనులో గుర్తుల కోసం వెతుకుతుంటే ఆటలాడుతున్నాడని లాక్కోకండి. కొంచెంసేపు వెతకనివ్వండి. ఆటలే ఆడుతుంటే అప్పుడు లాక్కోండి.

కువైట్‌లో ఉన్న ఆ అమ్మకి నేను ఫోనులో ఈ పద్ధతంతా చెప్పాను. నాలుగు రోజుల తర్వాత బాబు తన ఫోను తెచ్చి చూపించాడు. అమ్మ పంపిన కొత్త లెక్క, √(64+225), బ్రాకెట్లతో సహా. కింద వాడి జవాబు 17, దాని కింద అమ్మ పెట్టిన చప్పట్ల బొమ్మ.

వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కి వచ్చేటప్పుడు ఫోను చార్జింగ్ పెట్టుకుని రండి. గుర్తులు, వాటి మీటలు ఒకే కాగితం మీద ప్రింట్ చేయించి నా టేబుల్ మీద పెడతాను. కావలసినవాళ్ళు తీసుకెళ్ళండి, విదేశాల్లో ఉన్నవాళ్ళ కోసం ఫోటో తీసుకుని పంపండి. ఈ ఒక్కదానికి ఫోటో సరిపోతుంది.